ఆసు ఉన్నప్పుడే మోగిన గాజులు

రండర్రా, కోట్లు అక్కడ తగిలించి, మంచు బూట్లు తలుపు దగ్గరే వదిలేసి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. మీలో కొందరు కాఫీ షాపుల్లో, కొందరు గోడౌన్లలో వారమంతా నిలబడి పని చేసి వచ్చినవాళ్ళు. నాది కూర్చుని చేసిన ఉద్యోగం. కూర్చుని చేసే పనిలో కూడా మనిషి ఎంత తల దించుకోవలసి వస్తుందో చెబుతాను, వినండి.

నేను చదివింది ఏడో తరగతి వరకే. మాది తణుకు పక్క. మా ఆయనకు హోటల్లో వంట పని దొరికి ఈ దేశం వచ్చాం. మొదట్లో టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో ఉన్నాం, అక్కడ ఒక గోడౌన్లో అట్టపెట్టెలకు టేపు అంటించేదాన్ని. తర్వాత ఆయనకు ఒట్టావాలో పని కుదిరితే ఆ ఊరి శివారు కనాటాకు మారాం. అక్కడ నాకు దొరికిన పని ఒక పెద్దావిడకు చేదోడుగా ఉండటం.

ఆవిడను అమ్మగారూ అని పిలిచేదాన్ని. విశాఖపట్నం ఆవిడ. కనాటాలోనే టెలికాం కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైంది. భర్త పోయి చాలా కాలమైంది. చేతులు వణికే జబ్బు వచ్చింది. కాఫీ కప్పు సగానికే నింపాలి, లేకపోతే మిగతా సగం చీర మీద పడుతుంది. బొత్తాలు నేనే పెట్టాలి, జడ నేనే వేయాలి. ఇన్ని పనులకు నా మీద ఆధారపడినా ఆవిడ ముందు నోరెత్తాలంటే నాకు భయమే. ఏదైనా తప్పుగా మడతపెడితే, "అమ్మాయ్, ఇది మడతా, నలుపుడా?" అనేది.

ఆ ఇంట్లో గురువారం అంటే పండగ. గురువారం మధ్యాహ్నం కమ్యూనిటీ సెంటర్లో బ్రిడ్జి ఆట. పేకాటే, కానీ డబ్బు ఉండదు. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒక జోడీ. ఆట మొదలయ్యే ముందు ఏ రంగును తురుపు చేస్తాం, ఎన్ని ట్రిక్కులు, అంటే తలా ఒక ముక్క వేసే చుట్లు, గెలుస్తాం అని వేలంపాట లాగా పాడుకుంటారు. నోటితో అనరు. ప్రతివాళ్ళ పక్కనా ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెడతారు. ఆవిడ చేతులు ముక్కలు పట్టుకోలేవు కాబట్టి వాటిని ఒక చెక్క స్టాండులో నిలబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని నేను కూర్చునేదాన్ని. ఆవిడ వణికే వేలితో ఏ అట్టను తాకితే దాన్ని తీసి బల్ల మీద పెట్టడం, ఏ ముక్కను తాకితే ఆ ముక్క వేయడం నా పని.

మొదటి రోజునే క్లబ్బు నడిపే ఆవిడ నాతో గట్టిగా చెప్పింది. నోరు విప్పకూడదు, మొహంలో ఏమీ కనపడకూడదు. సరే అన్నాను. నోరూ మొహమూ అంది గానీ, మిగతా ఒంటి సంగతి ఆవిడ అనలేదు.

ఆట నాకు అర్థం కావాలని అమ్మగారు ఇంట్లో అప్పుడప్పుడు ముక్కలు పరిచి చెప్పేది.

"ఇదిగో చూడు, నేను రెండు కళావర్లు అని పెట్టాననుకో. నా దగ్గర కళావర్లు ఉన్నాయని కాదు."

"మరి అబద్ధం కదండీ?"

"అబద్ధం కాదే, ఒప్పందం. చేతినిండా ఆసులూ రాజులూ ఉన్నాయి, నీ దగ్గర ఏమీ లేకపోయినా సరే మధ్యలో ఆపకు అని దానికర్థం. నా అసలు బలం ఏ రంగులో ఉందో తర్వాతి పాటలో చెబుతాను. అదే రెండు ఆఠీన్లు అన్నాననుకో, ఆఠీన్లు బారుగా ఉన్నాయి గానీ చేతిలో పస లేదని."

"ఎదుటివాళ్ళకి తెలియదా అండీ ఈ లోగుట్టు?"

"లోగుట్టు ఏముంది? వాళ్ళు అడిగితే మనమే విడమరిచి చెప్పాలి. జోడీ మధ్య ఉన్న ప్రతి ఒప్పందమూ అందరికీ తెలియాలి."

"అందరికీ తెలిసిపోతే ఇంక ఆటేముందండీ?"

ఆవిడ నవ్వింది. "అదే ఆట" అంది.

నాకు ఆ మాట ఎక్కలేదు. మా పుట్టింట్లో జోడీలు కట్టి పేకాడేటప్పుడు సైగ చేయడం ఆటలో సగం. మా అమ్మ చేతికి మంచి ముక్క వస్తే గాజులు సవరించుకునేది. మా మావయ్య మీసం దువ్వితే రాజు ఉన్నట్టు. సైగ చేయడం మన తెలివి, పట్టుకోవడం అవతలివాళ్ళ తెలివి. పట్టుబడితే నవ్వులు, పట్టుబడకపోతే ఇంకా పెద్ద నవ్వులు. సైగ చేయనివాణ్ణి ఎవరూ జోడీగా తీసుకునేవాళ్ళు కాదు. నేను పెరిగిన ఆట అది.

అమ్మగారి జోడీ ఒక కెనడా పెద్దాయన. ఆవిడతో పాటు అదే కంపెనీలో పని చేసినవాడు. భోజనాల వేళ క్యాంటీన్లో మొదలైన జోడీ అట వాళ్ళది, ఉద్యోగాలు పోయినా, ఇద్దరి ఇళ్ళలో మనుషులు పోయినా అది మాత్రం నిలిచింది. పొడుగ్గా, వంగిన భుజాలతో ఉండేవాడు. ఎప్పుడూ ఒకటే బూడిదరంగు ఉన్ని మఫ్లరు కుర్చీ వీపు మీద వేసుకునేవాడు. నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. పనిమనిషిని చూసి లేచి నిలబడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇక నా నిర్వాకం వినండి. రెండు కళావర్లు వచ్చే చేతులు ఏ నెలకో ఒకటి. రోజూ వచ్చేది ఒక ఇస్పేటో, ఒక ఆఠీనో. ఒక ఇస్పేటు అన్నామంటే ఓ మోస్తరు చేతి నుంచి చాలా గొప్ప చేతి దాకా ఏదైనా కావచ్చు. మన జోడీ మనిషి పాట పెంచుకుంటూ పోయి తెలుసుకోవాలి. ఒక గురువారం అమ్మగారి స్టాండులో ఇస్పేటు ఆసు, రాజు, రాణి, జాకీ వరసగా నిలబడ్డాయి. పెళ్ళివారిలా ఉన్నాయి. ఆవిడ ఒక ఇస్పేటు అట్టను తాకింది. ఇంత సంపదను ఉత్త ఒక ఇస్పేటుతో చెబితే ఆయనకేం తెలుస్తుందని నా మనసు ఊరుకోలేదు. అట్టను బల్ల మీద పెడుతూ గాజులు గలగలమనేలా చెయ్యి ఆడించాను. ఆయన తలెత్తి నా చేతి వంక చూశాడు. అందుకున్నాడు, ఘటికుడే అనుకుని మురిసిపోయాను.

అప్పటి నుంచి అదే పద్ధతి. బలం ఉన్న రంగయితే గాజుల చప్పుడు, లేకపోతే అట్టను పిల్లిలా పెట్టడం. ఆవిడ జబ్బు మనిషి, గెలిస్తే ఆ రాత్రి నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది. నేను చేసేది అన్నం కలిపి పెట్టడం లాంటిదే అనుకున్నాను.

విచిత్రమేమిటంటే, వాళ్ళు ఓడిపోవడం మొదలుపెట్టారు.

బ్రిడ్జిలో పాడుకున్నదాని కంటే ఎక్కువ గెలిస్తే పెద్దగా లాభం లేదు. ఎన్ని ట్రిక్కులు వస్తాయో ముందే గ్రహించి అంత దాకా పాడితేనే మార్కులు. ఆ పెద్దాయన మంచి చేతులన్నిటిలో కిందనే ఆగిపోతున్నాడు. బస్సులో తిరిగి వస్తూ అమ్మగారు ఒకటే గొణుగుడు.

"చూశావా? ఆసు, రాజు, రాణి నా దగ్గరే. రెండు దగ్గర ఆగిపోయాడు! ఒకప్పుడు నేను కళ్ళు మూసుకుని పాడినా నా చేతిలో ఏముందో చెప్పేవాడు."

"పెద్దవారయ్యారు కదండీ. చెవులు సరిగ్గా వినపడటం లేదేమో" అన్నాను.

"ఈ ఆటలో చెవులెందుకే? కళ్ళుంటే చాలు."

నేను కిటికీ వైపు తిరిగి మంచు చూస్తూ కూర్చున్నాను. నాకు తోచింది ఒక్కటే, ఆయనకు చప్పుడు చాలటం లేదు. ఆ ఆదివారం ఇండియన్ షాపుకు వెళ్ళి ఇంకో అరడజను మట్టిగాజులు కొని వేసుకున్నాను. మోత పెరిగిన కొద్దీ ఆయన ఇంకా కిందికి దిగాడు. ఆయన దిగిన కొద్దీ నేను ఇంకా మోగించాను. చలికాలమంతా ఇలాగే నడిచింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు గొంతులోకి వచ్చేసరికి పుల్లగా అయిపోతుంది.

మంచు కరిగేవేళ క్లబ్బులో జోడీల పోటీ ఒకటి పెడతారు. ఆ రోజు బయలుదేరేటప్పుడు కోటు వేయించుకుంటూ అమ్మగారు అంది. "ఇవాళ కూడా ఇలాగే ఆడితే ఇంక నా వల్ల కాదు. ఆయనకు బుర్ర మందగించింది. పైవారం నుంచి వేరే జోడీని చూసుకుంటాను. ఒకావిడతో మాట్లాడాను కూడా."

ఆయనకు వేరే జోడీ ఎవరున్నారు? ఆ పూట ఎలాగైనా ఆయనకు అందేలా చేయాలనుకున్నాను. అంటే ఏం చేశానో మీకు చెప్పక్కర్లేదు.

సగం ఆట అయ్యాక మా బల్లకు ఒక తెలుగు జంట వచ్చింది. హైదరాబాదు నుంచి అమెరికా మీదుగా వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఈమధ్యనే రిటైరైన ఆయన, ఆయన భార్య. ముక్కలు పంచారు. అమ్మగారి స్టాండులో మళ్ళీ ఇస్పేట్లు, చూస్తేనే కడుపు నిండిపోయేలా. ఒక ఇస్పేటు అట్టను తాకింది. పెట్టాను, మోగించాను. పెద్దాయన రెండు ఇస్పేట్లు అన్నాడు. అమ్మగారు మూడు ఇస్పేట్లు తాకింది, అంటే నాలుగు దాకా వస్తావా అని అడగడం. ఆసుకూ రాజుకూ రాణికీ కలిపి మోగించాను. ఆయన చాలాసేపు తన ముక్కలు చూసుకున్నాడు. తర్వాత పాస్ అనే ఆకుపచ్చ అట్ట తీసి పెట్టాడు.

ఆట మొదలయ్యాక, పాట గెలిచినవాళ్ళ జోడీ చెయ్యి అందరికీ చూపించాలి కాబట్టి, ఆయన ముక్కలు బల్ల మీద పరిచాడు. నాలుగు ఇస్పేట్లు, పక్కన ఒక ఆసు. నాలుగుకు వెళ్ళినా ఎవరూ తప్పు పట్టని చెయ్యి. ఆడితే ఒక్క ట్రిక్కు తప్ప అన్నీ మాకే వచ్చాయి.

ఆఖరి ముక్క పడ్డాక అమ్మగారు ఇంగ్లీషులో అంది, పక్క బల్లల వాళ్ళు తిరిగి చూసేలాగా. "నీ బుర్ర పని చేయడం మానేసింది. వెళ్ళి డాక్టరుకు చూపించుకో. పైవారం నుంచి నేను వేరేవాళ్ళతో ఆడతాను."

ఆయన ముక్కలు సర్దుతున్నాడు. చెయ్యి ఒక్కసారి ఆగింది. "నీ ఇష్టం" అన్నాడు, అంతే.

ఆ మాటలు చల్లార్చడానికి కాబోలు, హైదరాబాదు ఆయన నా వైపు తిరిగి తెలుగులో హాస్యమాడాడు. "ఏమనుకోకు గాని అక్కా, నీ గాజులు మస్తు మాట్లాడుతున్నయ్. మా అమ్మమ్మ గూడ గిట్లనే మోగిస్తుండె, ఆసుకొకటి, రాజుకొకటి."

"ఊకోండి జర" అని భార్య ఆయన మోచెయ్యి గిల్లింది.

నేను నవ్వాను. పట్టుబడితే మా ఇంట్లో నవ్వడమే కదా అలవాటు. పళ్ళన్నీ కనపడేలా నవ్వాను. ఆ బల్ల దగ్గర ఇంకెవరూ నవ్వలేదు. అమ్మగారు నా మొహం చూసింది, తర్వాత నా ముంజేతుల వంక చూసింది. గాజులను ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు చూసింది. నా నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఎలా తీసేయాలో తెలియలేదు.

ఆవిడ పెద్దాయన వైపు తిరిగింది. వాళ్ళ ఇంగ్లీషు అన్నిసార్లూ నాకు అందదు గానీ, ఆ రోజు ప్రతి మాటా అందింది.

"నీకు ఇది వినిపిస్తోందా?"

"మంచు మొదలైనప్పటి నుంచి" అన్నాడాయన. "మొదట నగల చప్పుడే అనుకున్నాను. తర్వాత చూస్తే, నీ దగ్గర ఆసు ఉన్నప్పుడే మోగే నగలు."

"విన్నవాడివి మరి ఎందుకు ఆగిపోయావు?"

"విన్నాను కాబట్టే. వినకపోయి ఉంటే పైకి వెళ్ళేవాడినో కాదో నాకే తేలనప్పుడు, కింద ఆగడమే మర్యాద. ఆ మర్యాద క్యాంటీన్లో నాకు నేర్పింది నువ్వు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన నా వైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నం చేశాడు. "చెబితే ఈవిడను పంపించేస్తావు. ఈవిడ లేకపోతే నువ్వు రాలేవు. నువ్వు రాకపోతే నాకు గురువారం లేదు."

పిల్లలూ, నన్ను చాలామంది తిట్టారు. గోడౌన్లో సూపర్‌వైజరు తిట్టాడు, మా అత్తగారు తిట్టింది. అవేవీ నా ఒంటికి అంటలేదు. తిట్టని ఆ మనిషి మాటకు నేలలోకి కుంగిపోయాను. నేను సాయం అనుకుని మోగించిన ప్రతిసారీ ఆయన తనంతట తాను ఓడిపోయాడు. ఓడిపోయి, చేతకానివాడిననిపించుకుని, బుర్ర పోయిందనిపించుకుని, నా ఉద్యోగం నిలబెట్టాడు. వినపడటం లేదేమో అని బస్సులో ఆయన్ను గురించి అన్నది నేనే.

అమ్మగారు వణికే చెయ్యెత్తి క్లబ్బు నడిపే ఆవిడను పిలిచింది. "నా సహాయకురాలు నా జోడీకి సైగలు చేస్తోంది. నా పక్కనే జరుగుతున్నా నేను కనిపెట్టలేదు. బాధ్యత నాది" అని తనే చెప్పింది. నిలబడి చెప్పింది, బల్ల పట్టుకుని. హాలంతా చెవులు రిక్కించింది.

క్లబ్బు ఆవిడ విషయమంతా విని, దీనివల్ల మీరు నష్టపోవడమే తప్ప లాభపడింది లేదుగా అని తేలిగ్గా తీసుకుంది. "ఆ గాజులు తీసేయమనండి, సరిపోతుంది" అంది.

ఆవిడకు తెలిసి అనలేదు. హైదరాబాదు ఆయన భార్య మాత్రం "నో, నో, అది వద్దు" అని అడ్డంగా చెయ్యి ఊపింది. అమ్మగారు తన బోసి చేతులు ఒళ్ళోకి లాక్కుంది. "అది మాత్రం అడగకండి" అంది మెల్లగా. నేను చేసిన పనికి నా గాజులు పగలగొట్టినా కాదనే హక్కు నాకు లేదు. అయినా, అంత కోపంలోనూ, అంత అవమానంలోనూ ఆవిడ నా పసుపు కుంకుమల వైపు నిలబడింది.

పెద్దాయనకు మా సంగతి ఏమీ అర్థం కాలేదు. ఆడవాళ్ళం ముగ్గురం ఎందుకలా బిగుసుకుపోయామో ఆయనకెలా తెలుస్తుంది? లేచి, కుర్చీ వీపు మీది మఫ్లరు తీసి, నా ముందుకు వచ్చి, చెయ్యి ఇమ్మన్నట్టు చూశాడు. ఇచ్చాను. దెబ్బ తగిలిన చేతికి కట్టు కట్టినట్టు, గాజుల మీదుగా ముంజేతి నుంచి మోచేతి దాకా చుట్టి ముడి వేశాడు. మిగిలిన ఆటంతా ఆ ఉన్ని కట్టుతోనే అట్టలు పెట్టాను. హాల్లో చాయ్ తాగుతున్నవాళ్ళంతా ఆ చేతినే చూశారు. చెయ్యి కాదు, మొహం ఉడికిపోయింది.

ఇంటికి వచ్చాక కాఫీ సగం కప్పు పోసి ఇచ్చి, "రేపటి నుంచి రానులెండి అమ్మగారూ" అన్నాను.

ఆవిడ కాఫీ తాగలేదు. "నా చెయ్యి వణుకుతుంది గానీ నా ఆట వణకదు అనుకునేదాన్నే. నాకు మిగిలిందల్లా అదొక్కటే. నువ్వు దాన్ని కూడా పట్టుకుని నడిపించబోయావు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

తర్వాత ఫోను నా చేతికిచ్చింది. అంకెలు నొక్కడానికి ఆవిడ వేళ్ళు నిలవవు. ఆయన నంబరు నొక్కి స్పీకరు పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్ళబోయాను. "కూర్చో, విను" అంది. కూర్చున్నాను.

"నీ బుర్ర గురించి నేను అన్నది తప్పు. అందరి ముందూ అన్నాను. అందరి ముందే వెనక్కి తీసుకుంటాను" అంది ఆవిడ.

"గురువారమేనా?" అన్నాడాయన.

"గురువారమే."

ఫోను పెట్టేశాక నా వైపు చూసింది. "పొడుగు చేతుల స్వెట్టరు ఒకటి కొనుక్కో. మడతలు మాత్రం సరిగ్గా పెట్టడం నేర్చుకో."

గురువారం వెళ్ళాం. చెప్పినట్టే హాలు మధ్యలో నిలబడి ఆవిడ ఆ మాటలు వెనక్కి తీసుకుంది. తప్పు చేసినదాన్ని నేను, క్షమాపణ చెప్పింది ఆవిడ, కుర్చీలోంచి లేవలేక కూర్చున్నది నేను. మఫ్లరు ఉతికి, ఇస్త్రీ చేసి, కవర్లో పెట్టి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. "ఇక్కడ చలి ఎక్కువ, ఉంచుకోండి" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో గురువారాలు వెళ్ళాం. ఒక రోజు అమ్మగారి చేతికి నిజంగానే గొప్ప ముక్కలు వచ్చాయి. రెండు కళావర్లు పెట్టించింది. స్వెట్టరు చేతులు వేళ్ళ దాకా లాక్కుని, దొంగలా చప్పుడు లేకుండా పెట్టాను. ఆయన పాడాడు, ఆవిడ తన అసలు రంగు చూపించింది, మళ్ళీ ఆయన వంతు వచ్చింది. ఆగకూడని చోట ఆగిపోయాడు. పాస్ అట్ట బల్ల మీద పడింది. రెండు కళావర్లంటే ఆపకు అని నాకే తెలిసిన సంగతి, ఆయన మరిచిపోయాడు.

అమ్మగారు ముందు నా చేతుల వంక చూసింది, తర్వాత ఆయన వంక చూసింది. ఆయన మెడ దాకా ఎర్రబడ్డాడు.

"ఇది మాత్రం పూర్తిగా నా సొంత తెలివితక్కువతనం" అన్నాడు.

ఆవిడ నవ్వింది. స్టాండులోంచి ముక్కలు జారిపోయేంతగా నవ్వింది. ఆయనా నవ్వాడు, ఎదుటి జోడీ కూడా నవ్వింది. పట్టుబడ్డప్పుడు నవ్వే ఇంట్లో పుట్టినదాన్ని, నేనొక్కదాన్నే నవ్వలేకపోయాను. వంగి కింద పడిన ముక్కలు ఏరుతూ, బల్ల కింద ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడు మోకాళ్ళు అరిగి పని మానేశాను. ఆ బూడిదరంగు మఫ్లరు ఇంకా నా దగ్గరే ఉంది. మెడకు చుట్టుకోవడానికి మాత్రం ఇప్పటికీ మనసు రాదు.

సరే, చీకటి పడకముందే బస్సు అందుకోండి. మీ ఇళ్ళు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి. మీ బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీ కాకూడదు. మీకు ఎదురుగా కూర్చునేవాళ్ళు మీ తప్పును తమ మీద వేసుకునేంత మంచివాళ్ళు కావాలి, ఆ మంచితనం వాడాల్సిన అవసరం మీవల్ల వాళ్ళకు ఎన్నడూ రాకూడదు.